టీచరమ్మ పార్టీకి రెండో పిలుపు

మొన్నటి ఎండాకాలం, అడవి అంచున ఉన్న ఓ ఊరి బడి ఆవరణలో మేం మూడు వందల మందిని ఎదుర్కొన్న వీరగాథ ఇది. పొగ కమ్మింది, గరిటెలు లేచాయి. నిజం చెప్పాలంటే యుద్ధమేమీ జరగలేదు. ఆ మూడు వందల మందిలో వేళకు ఒక్కరూ రాలేదు.

నేను కల్లూరులో ఓ కేటరింగ్‌లో సూపర్‌వైజర్‌ని. అంటే వంట రాదు, తిట్లు మాత్రం పడతాను. మా పనిలో పార్టీ అంటే ఆర్డర్ ఇచ్చిన మనిషి. జెండా పట్టుకుంటే అది ఇంకో పార్టీ. మామిడితోట వెనక కుర్రాళ్లు చేసుకునేది మరో పార్టీ; దానికి మమ్మల్ని పిలవరు, గ్లాసులు మాత్రం అడుగుతారు.

ఆ రోజు మా పార్టీ రమణమ్మ టీచర్. మధిర మనిషి. ఆ ఊరి బడిలో ఇరవై రెండేళ్లు పాఠాలు చెప్పి రిటైర్ అవుతున్నారు.

"ఇది ఫంక్షన్ కాదు బాబూ, పార్టీ. బంతులు వద్దు, బఫే పెట్టు. ఎవరికి వీలైనప్పుడు వాళ్లొచ్చి తింటారు," అన్నారు. పది రోజుల ముందే ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చారట.

పన్నెండున్నరకు అన్నీ సిద్ధం. మా వంట మాస్టర్ మస్తాన్ మామ గంపెడు అప్పడాలు కూడా వేయించి పెట్టాడు. ఒంటిగంట అయింది. ఒంటిగంటన్నరకు గేటు దగ్గర ఒక మేక కనిపించింది. ప్లేట్ కౌంట్, అంటే ఎంతమంది తిన్నారన్న లెక్క, సున్నా. మేకను కలపలేదు.

టీచర్ పట్టుచీరలో కుర్చీ అంచున కూర్చున్నారు. "ఇరవై రెండేళ్లు బాబూ. ఒక్కరికీ రావాలనిపించలేదా?" నాకు ఓదార్చడం రాదు. మంచినీళ్లు ఇచ్చాను.

మస్తాన్ మామ గరిటె కింద పెట్టాడు. "టీచరమ్మా, పిలుపు పోయిందా?"

"పది రోజుల కిందే చెప్పాను కదయ్యా."

"గది మొదటి పిలుపు. అన్నం ఉడికినంక మల్ల ఇంటింటికి పోయి లేవుండ్రి అనాలె గదా?"

"ఇది పార్టీ కదా..."

"పేరేదైతేంది, అన్నం అన్నమే. ఈ ఊర్లె ఎన్ని పెండ్లిళ్లకు పోయిండ్రు మీరు? ఇంట్లకెల్లి ఎప్పుడు కదిలేటోళ్లు?"

"ఎవరో ఒకరొచ్చి, టీచరమ్మా భోజనానికి లేవండి అంటే..." అంటూ ఆగిపోయారు. తర్వాత చెప్పుల కోసం వెతుక్కున్నారు.

బండి వెనక ఎక్కించుకుని బయల్దేరాను. మొదటి ఇంటి గడప మీద ఓ ముసలవ్వ కొత్త చీర కట్టుకుని కూర్చుంది. పక్కన నూనె కారే తలలతో ఇద్దరు మనవలు. చొక్కాలు మాయకుండా ఇద్దరి కాలర్లూ ఆమె చేతుల్లోనే ఉన్నాయి.

"ఏంది టీచరమ్మా, గిప్పుడా వచ్చేది? పొద్దుగాల్నుంచి ఏం తినలే."

"మరి వచ్చెయ్యొచ్చు కదా అవ్వా!"

"పిలువకుంటే ఎట్ల వస్తం? మేమేమన్న తిండికి మొగంవాచినోళ్లమా?" అని, అదే ఊపిరిలో, "జల్ది నడువుండ్రి, ఆకలికి కండ్లు తిరుగుతున్నయ్!" అంది.

ప్రతి గడపలోనూ ఇదే. ఊరంతా తల దువ్వుకుని, ఆకలితో, పౌరుషంగా కూర్చుని ఉంది. పదో ఇంటికల్లా టీచర్ గొంతు హాజరు పిలిచే స్థాయికి వచ్చేసింది. "వెంకన్నా, లే!" అంటే ఓ మీసాలాయన "ప్రెజెంట్ టీచర్" అని లేచి నిలబడ్డాడు.

అందరూ ఒక్కసారే వచ్చిపడ్డారు. బఫే బల్లల వైపు ఎవరూ చూడలేదు. నేల మీదే బంతులు కట్టి కూర్చున్నారు. టీచర్ నా చేతిలోని గరిటె లాక్కున్నారు. రెండు మాటలు మాట్లాడమని అడిగితే, కళ్లు తుడుచుకుంటూ "పప్పు ఇంకొంచెం వేసుకోండి" అన్నారు. అంతే ప్రసంగం.

ఈ ఆర్డర్ నాకు మనుషుల గురించి, మర్యాద గురించి చాలా నేర్పిందని రాయాలనే కూర్చున్నాను. నేర్పిందల్లా ఇదీ: అప్పడాలు రెండో పిలుపు వెళ్లాకే వేయించాలి. ముందే వేయిస్తే మెత్తబడతాయి.