అంచు కోయని పుస్తకం

మా ముత్తాత మూడూళ్లకు మునసబు. కవి ఎవరైనా ఇంటికొస్తే తన టేకు కుర్చీలో నిటారుగా కూర్చుని పద్యం వినేవాడు. నచ్చితే బస్తా ధాన్యం ఇప్పించేవాడు. మా తాత చేతికి వందెకరాలు వచ్చాయి. మా నాన్న పత్తిని నమ్ముకున్నాడు. నా వంతుకు వచ్చినవి ఆ కుర్చీ, వంగని వెన్ను.

రెండు వేల సంవత్సరం దాటాక మా వైపు ఏ టౌనులో చూసినా కవితా సంపుటాలే. ఆవిష్కరణ సభకు అధ్యక్షుడు కావాలి కదా. నాకు ఇంటిపేరుంది, ఇస్త్రీ పంచె ఉంది. నేనూ కవినే. నలభై కవితలు రాసి, అచ్చుకివ్వడానికి ధైర్యం చాలక దాచుకున్నవాణ్ణి. సంపుటాలు కొనే అలవాటు మాత్రం మా వంశంలో లేదు. కవులే వచ్చి సంతకం చేసి ఇచ్చేవారు. ముందుమాట, అట్ట వెనక నాలుగు వాక్యాలు చదివి అభిప్రాయం ఏర్పరచుకునేవాణ్ణి.

మిర్చి యార్డులో గుమస్తాగా చేసే ఒకాయన తన తొలి సంపుటి వారం ముందే ఇచ్చి వెళ్లాడు. చిలకలూరిపేటలో ఒక స్కూలు మేడ మీద సభ. అరగంట మాట్లాడాను. ‘ఈ కవి ఇంకా లోతుకు వెళ్లాలి’ అని కూడా అన్నాను. కూర్చోబోతుంటే ఆయన లేచి నమస్కరించాడు.

“అయ్యగారూ, అమ్మ మీద రాసింది మీ నోట వినాలనుందండి. ఇరవయ్యో పేజీ.”

పేజీ తెరుచుకోలేదు. బైండింగులో కత్తి తగలక ఆ రెండు కాగితాలూ అంచు దగ్గర కలిసే ఉన్నాయి. చదివినవాడైతే ఎప్పుడో చీల్చి ఉండాలి. ముందు వరసలో ఒక రైతు కనిపెట్టేశాడు.

“ఒరేయ్, అయ్యగారు పుస్తకం ఇంకా విప్పలేదురా! బ్లేడు తెండ్రా ఎవరన్నా!”

“విప్పకుండానే అరగంట మాట్లాడాడు. విప్పితే తెల్లారిపోద్ది!” అన్నాడు పక్కాయన.

గుమస్తా కవి మాత్రం నవ్వలేదు. జేబులోంచి ఇంటి తాళంచెవి తీసిచ్చాడు. దాంతో కాగితాన్ని వంకరటింకరగా చీల్చి చదివాను. రోజంతా మిరపకాయలు కోసి వచ్చిన తల్లి, మండే ఆ చేతులతో చంటిబిడ్డ కన్నీళ్లు తుడవలేక మోచేతులతో దగ్గరికి లాక్కుంటుంది. చివరి పాదం నాకోసం మళ్లీ చదువుకున్నాను. అదీ ఉపన్యాస కళే అనుకుని చప్పట్లు కొట్టారు. శాలువా కూడా కప్పారు.

ఇంటికొచ్చి బీరువాలోని సంపుటాలన్నీ దించి, మొదటి పేజీ నుంచి చదివాను. రెండు నెలలు పట్టింది. తర్వాత నా నలభై తీశాను. ముప్పై ఒక్క కవితల్లో ముత్తాత గుర్రమెక్కి తిరుగుతున్నాడు. వాటిని పక్కన పెట్టి, మిగిలిన తొమ్మిదీ పట్టుకుని గుమస్తా ఇంటికి వెళ్లాను. ఆయన ముక్కాలి పీట వేశాడు. కూర్చున్నాను.

తొమ్మిదీ చదివి ఆయన అన్నాడు: “వీటిల్లో మీరున్నారండి. అచ్చేయించండి.”

తొమ్మిదే వేయించాను. ప్రెస్సులో నిలబడి ప్రతి కాపీ అంచులూ నేనే చూసుకున్నాను. అచ్చు ఖర్చుకు ముత్తాత టేకు కుర్చీ అమ్మాను.