సన్మానంలో క్లబ్ పాట

సన్మానం చేస్తామని కావలి నుంచి మనుషులు వచ్చిన రోజు నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. అక్క అంటే నా తోబుట్టువు కాదు. మొదట పౌరాణిక నాటకాల్లోనూ, తర్వాత ఆర్కెస్ట్రాలోనూ పాడి పాడి ఒక జీవితం గడిపిన గాయని. ఆమె పక్కన కూర్చుని హార్మోనియం, కాలం మారాక కీబోర్డు వాయించినవాణ్ణి నేను. ఆదివారం పొద్దున మా అల్లూరు చర్చిలో కీర్తనలకు వాయించేవీ ఈ చేతులే. "ఒక చెయ్యి దేవుడికి, ఒక చెయ్యి నాకు" అని అక్క ఎగతాళి చేసేది. హార్మోనియానికి రెండు చేతులూ కావాలని చెబితే వినేది కాదు.

వచ్చిన ముగ్గురిలో పెద్దాయన కళాసమితి కార్యదర్శి, రిటైరైన తెలుగు మాస్టారు. మంచివాడే. కాకపోతే ఒక్క ముక్కలో తేలిపోయే సంగతిని సాగదీసి చెప్పే జబ్బుంది. పతివ్రతల వేషాల్లో అక్క పద్యం ఎత్తుకుంటే జనం కళ్ళు ఎలా తుడుచుకునేవారో, ఆమె రంగస్థలానికి ఎంత సేవ చేసిందో చెప్పి చెప్పి కాఫీ చల్లారబెట్టుకున్నాడు. అక్క ఓపిగ్గా విని అడిగింది.

"మరి ఆర్కెస్ట్రా సంగతి చెప్పరా సారూ?"

"చెప్తామమ్మా. సినిమా పాటలు కూడా పాడినారని ఒక మాట అంటాం."

"క్లబ్ పాటలని చెప్పండి. పద్యాలకంటే అయ్యే ఎక్కువ పాడినా. ఆ రోజు గూడా ఒకటి పాడతా."

మాస్టారు ఇబ్బందిగా నవ్వాడు. "కుటుంబాలతో వస్తారు గదమ్మా. ఆడవాళ్ళుంటారు. పద్యం పాడండి, చాలు."

అక్క చల్లారిన కాఫీ మళ్ళీ వేడిచేసి తెచ్చిచ్చింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. శాలువా కప్పడానికి వచ్చి, మనిషిలో సగం దాచిపెట్టమనడం ఏం మర్యాదో నాకు అర్థం కాలేదు.

క్లబ్ పాటంటే సినిమాలో మసక వెలుతురు కింద గ్లాసు పట్టుకున్న అమ్మాయి పాడే పాట. మా వైపు నాటకాలు తగ్గిపోయి తిరనాళ్ళకు ఆర్కెస్ట్రాలు పిలిచే రోజులు వచ్చినప్పుడు, మా ట్రూపులో ఆ పాటలు పాడమంటే ఎవరూ ముందుకు రాలేదు. అక్క వచ్చింది. నేత చీర కొంగు భుజం చుట్టూ కప్పుకొని, మైకు ముందు నిలబడి, వేలు కూడా కదిలించకుండా పాడేది. అల్లరంతా గొంతులోనే. మత్తులో తూలే మాట, మధ్యలో ఎక్కిళ్ళు, చివర్న ఒక నవ్వు. ఆ ఎక్కిళ్ళు తాళం మీద సరిగ్గా పడాలి. ఒక్క మాత్ర జారినా పాట కాదు, నిజంగా నీళ్ళు తాగించాల్సిన పని అవుతుంది. "నవ్వు గూడా శ్రుతిలోనే నవ్వాల అబ్బయ్యా" అని ఆమె నవ్వును సాధన చేస్తుంటే పక్కింటివాళ్ళు నా వైపు అనుమానంగా చూసేవాళ్ళు. కష్టమైన రాగాలు పాడిన గొంతు కాబట్టే అవి అంత సులువుగా పలికేవి. ఈ మాట అప్పట్లో ఎవరికి చెప్పినా చెవికెక్కలేదు.

మనుషులు వెళ్ళిపోయాక అక్క గ్లాసులు సర్దింది. తర్వాత తనే మొదలుపెట్టింది.

"నాటకం ఆడిన పొద్దున ఆ ఊరి ఆడోళ్ళు ఇంట్లోకి పిలిచి బొట్టు పెట్టేవాళ్ళు. జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టేవాళ్ళు. అదే ఊళ్ళో ఆర్కెస్ట్రాలో పాడినాక వాకిట్లో నిలబడినా ఎవురూ పలకరించలా. మొగోళ్ళు చప్పట్లు కొట్టినారులే, నాకు తెలవదా. ఆడోళ్ళకు నేనంటే రోత పుట్టిందేమోనని ఇన్నాళ్ళూ లోపల ఉండిపోయింది."

"ఇప్పుడెందుకక్కా అదంతా?"

"ఇప్పుడు గాకపోతే ఎప్పుడు? వాళ్ళ ముందర ఒక్కసారి పాడాల. లేచి బయటికి పోతే పోనీ. తెలుస్తాది గదా!"

ఆమె మాట మామూలుగానే ఉంది. ఆ వయసులో ఒక మనిషి అంత పెద్ద ప్రశ్న మోసుకుని స్టేజీ ఎక్కడమంటే నాకు భయమేసింది. వద్దని చెప్పాలనుకున్నాను. చెప్పినా వినే మనిషి కాదని ఊరుకున్నాను.

సాధనకు రోజూ సాయంత్రం వెళ్ళేవాణ్ణి. ఆమె ఇంటి వెనక ఒకప్పటి వరి మళ్ళన్నీ ఇప్పుడు రొయ్యల గుంటలు. వాటిలో గాలి కోసం తిప్పే చక్రాల మోత ఆగదు. "మన తంబూరా వాయిస్తా ఉంది, కానీ" అనేది అక్క. పద్యం సాధన చేసినంతసేపూ కిటికీలు తెరిచే ఉండేవి. క్లబ్ పాట దగ్గరికి వచ్చేసరికి తనే లేచి మూసేది. ఇంత పట్టుదల ఉన్న మనిషికి కూడా ఆ కిటికీ దగ్గర ధైర్యం చాలలేదు. చూస్తుంటే నాకు కోపమూ వచ్చింది, దుఃఖమూ వచ్చింది.

సన్మానం కావలిలో ఒక కల్యాణ మండపంలో. ముందు వరసలో పెద్దమనుషులు, వాళ్ళ వెనక వాళ్ళకంటే కొంచెం తక్కువ పెద్దమనుషులు, ఆ వెనక, ఒక పక్కగా ఆడవాళ్ళు. సాయంత్రం మొదలైన ఉపన్యాసాలు ఎంతకీ తెమల్లేదు. గాయనికి సన్మానం అని పిలిచి, గాయని నోరు తప్ప అందరి నోళ్ళూ వినిపించడం మనవాళ్ళకే చేతనవుతుంది. ఒక శాలువా మీద ఇంకో శాలువా కప్పుతుంటే, ఆ ఉక్కలో అక్క చలికాలపు ముసలమ్మలా కుర్చీలో ముడుచుకుపోయింది. కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగం చేస్తున్నానని పరిచయం చేసుకున్న ఒకాయన అక్క గురించి ఒక్క మాట, పోర్టు గురించి మిగతా ఉపన్యాసం చెప్పి దిగాడు.

చివరికి మైకు అక్క చేతికి వచ్చింది. పద్యం పాడింది. ఆమె గొంతుకు ఇప్పుడు పట్టే శ్రుతి కిందిది. నేను బాగా దించి వాయించాను. అయినా రాగం తీస్తుంటే మండపం మొత్తం కదలకుండా విన్నది. చప్పట్లు మోగాయి. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. వందన సమర్పణ చెయ్యడానికి మైకు కోసం చెయ్యి చాపాడు.

అక్క మైకు ఇవ్వలేదు.

"ఇంకో పాటుంది. క్లబ్ పాట. మీ ఊళ్ళల్లో శానా చోట్ల పాడినా. ఇష్టంలేనోళ్ళు లేచి బయటికి పోండి, నేనేం అనుకోను."

మాస్టారు నా వైపు చూశాడు. నేను కీబోర్డు వైపు చూశాను. మొదలుపెట్టాను.

అక్క మొదటి చరణంలోకి రాకముందే ఆడవాళ్ళ వైపు కుర్చీలు కదిలిన చప్పుడయింది. తలెత్తి చూస్తే నలుగురైదుగురు లేచి నిలబడి ఉన్నారు. వాళ్ళను చూసి ఇంకొందరు లేచారు. అక్క కూడా చూసింది. ఆమె గొంతు ఒక్కసారి తడబడింది. ముప్పై ఏళ్ళ పైన పక్కన వాయించినవాణ్ణి, ఆ తడబాటు వయసుది కాదని నాకు తెలుసు. ఆపేద్దామా అన్నట్టు చూశాను. ఆమె కళ్ళు మూసుకుని పాడుతూనే ఉంది.

లేచినవాళ్ళు గుమ్మం వైపు వెళ్ళలేదు. కుర్చీల మధ్య దారిలో స్టేజీ వైపు వచ్చారు. పెద్దమనుషుల తలకాయలు అడ్డమొస్తున్నాయని వాళ్ళ బాధ! వచ్చి స్టేజీ అంచు దగ్గర నిలబడ్డారు. అరవైకి అటూ ఇటూ వయసువాళ్ళు, పనిచేసి మొరటుబారిన చేతులవాళ్ళు. పల్లవిలో ఎక్కిళ్ళు రావలసిన చోటికి పాట వచ్చింది. అక్క ఇంకా ఊపిరి తీసుకుంటోంది, కింద నుంచి అందరికీ ఒక్కసారే ఎక్కిళ్ళు వచ్చాయి. తాళం మీద, సరిగ్గా పడాల్సిన చోట.

అక్క కళ్ళు తెరిచింది. నాకు నవ్వాగలేదు. ఏడుపూ ఆగలేదు. వాయించడం మాత్రం ఎలాగో ఆపలేదు.

పాట అయిపోయాక వాళ్ళలో ఒకామె, జుట్టు పూర్తిగా నెరిసినావిడ, గట్టిగా అడిగింది. "ఈ పాటలు పాడేటప్పుడు నువ్వు ఇట్టా ఉంటావా అక్కా? ఆర్కెస్ట్రాలో మేం నిన్ను యాడ చూసినాం! మొగోళ్ళు పోయొచ్చేవాళ్ళు, మమ్మల్ని పంపలా. చేలగట్టు మీద కూర్చొని మైకులో ఇనేవాళ్ళం."

"పాటలు నచ్చలేదేమో అనుకున్నానమ్మా" అంది అక్క. మైకులోనే అనేసింది.

"నచ్చకపోడమేంది! నాట్లేసేటప్పుడు ఇయ్యే గదా మా పాటలు. కూలీల మేస్త్రి దగ్గిర్లో లేకుండా చూసుకొని పాడేవాళ్ళం. వాకిట్లోకి నువ్వొస్తే మాట్లాడాలనే ఉండేది. మా అత్త పక్కనే నిలబడుకోనుండేది, ఏం జేసేది!"

పక్కనున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అక్క నవ్వలేదు. ఆమె ముఖం వైపు నేను ఎక్కువసేపు చూడలేకపోయాను. ఒక మనిషి ఇన్నేళ్ళు మోసిన బరువును, అసలు అక్కడ బరువే లేదని ఒకరు నవ్వుతూ చెప్పేస్తే ఎలా ఉంటుందో, ఆ ముఖం అలా ఉంది.

"కూర్చోని పాడబాకక్కా. లేచి నిలబడు. పాట మేం ఎప్పుడో విన్నాం. ఇప్పుడు నిన్ను చూస్తాం" అంది ఆ నెరిసిన జుట్టావిడ.

అక్క శాలువాలు ఒక్కొక్కటే తీసి మాస్టారు చేతుల మీద వేసింది. ఆయన బుద్ధిగా పట్టుకున్నాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడి, కొంగు భుజం చుట్టూ కప్పుకొని, నాతో అంది.

"శ్రుతి పెంచు అబ్బయ్యా. అప్పట్లో పాడినంతకు పెంచు."

"అందదక్కా."

"నాకు అందకపోతే వాళ్ళు అందుకుంటార్లే."

పెంచాను. పల్లవి చివర పైకి వెళ్ళే చోట అక్క గొంతు నిజంగానే ఆగిపోయింది. ఆమె మైకును ఆడవాళ్ళ వైపు తిప్పి పట్టుకుంది. వాళ్ళు సిగ్గుపడలేదు, ఎవరి వైపూ చూడలేదు, పాడేశారు. ఆ పాటను తన ఎదుట ఇంకొకరు పాడగా ఎన్నడూ వినని అక్క, చెయ్యి చాపి మైకు పట్టుకుని, నోరు తెరుచుకుని వింటూ నిలబడింది.