ముట్టింటి ఇటుక

చెల్లమ్మాళ్ ముట్టింట్లో చేసిన ఆఖరి మామూలు పని, కోడలిని తిట్టడం.

నాలుగో రోజు పొద్దున్న, ముట్టింట్లోంచి తలస్నానానికి బయలుదేరే ముందు, ఆమె పొయ్యి పక్కనున్న ఇటుకను గోనెముక్కతో తుడిచింది. దూలానికీ తాటాకు కప్పుకీ మధ్యనున్న సందులో దాన్ని దూరుస్తూ, వెనక్కి తిరగకుండానే అందుకుంది.

"ఏమే పాంచాలీ, ఇటుక మూల విరగ్గొట్టినావే! కడుపు మీద పెట్టుకోమంటే తలకింద పెట్టుకోని పండుకొంటివా? ఇంకో మూల పోయిందంటే నీ పుట్టింటినుంచే తెప్పించుకో. మీ తేని ఊరి పక్క రాళ్లకేం కరువా?"

పాంచాలి చాప చుట్టుకుంది. పదకొండేళ్లుగా ఎదురు మాట్లాడింది లేదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టడానికి కారణం కనబడలేదు.

ఆ తర్వాత రెండో నాడు మధ్యాహ్నం చెల్లమ్మాళ్ సంగటి తిని, పత్తి రాశి పక్కన చాప వేసుకుని కునుకు తీసింది. మళ్లీ లేవలేదు. ఇంటిల్లిపాదినీ నిద్రలేపడమే తన హక్కుగా బతికిన మనిషి, తను లేవవలసి వచ్చేసరికి ఎవరి మాటా వినలేదు.

అరవనాట తిరుమంగళానికి రెండు కోసుల దూరంలో, నల్లరేగడి మీద, తెలుగు మాట్లాడే నాయకర్ కులంవాళ్ల పల్లె అది. తాతల నాడు పాలెగాళ్ల సైన్యంలో గుర్రాలు తోలామని చెప్పుకునేవారు. ఇప్పుడు ఎడ్లు తోలుకునేవారు. కుంపిణి పోయి రాణిగారు వచ్చి పన్నెండేళ్లు దాటినా, పన్ను కట్టవలసి వచ్చిన ప్రతిసారీ కుంపిణివాణ్ణే తిట్టేవారు. అలవాటైన తిట్టు మార్చుకోవడం అంత తేలిక కాదు.

ప్రతి ఇంటికీ పెరటి చివర, పశువుల కొట్టం దాటాక, ఒక ముట్టిల్లు ఉండేది. ముట్టయిన ఆడది మూడు రోజులూ అందులోనే ఉండాలి. కిటికీ లేదు. నిలబడితే తల కప్పుకి తగిలేది. ఆడది నిలబడవలసిన అవసరం ఏముందని కట్టినవాళ్లు అనుకుని ఉంటారు. తిండి గడప బయట పెట్టి పోయేవారు. ముట్టు కానివాళ్లు లోపల కాలు పెట్టకూడదు, ముట్లుడిగిన ముసలమ్మలు అసలే పెట్టకూడదు. పెడితే జక్కమ్మ తల్లికి కోపం వస్తుంది. తల్లికి దేనికి కోపం వస్తుందో ఊళ్లో మగవాళ్లకి బాగా తెలుసు. ఆ గుడిసెలో పడుకున్న ఆడది ఏమవుతుందో మాత్రం తెలియదు. తెలుసుకున్నా తల్లికి కోపమేనట.

పదిహేనేళ్ల పాంచాలి కాపురానికి వచ్చిన మొదటి నెలలో ఒక్కతే లోపలికి వెళ్లింది. పుట్టింట్లోనూ ఆమెకి నొప్పి వచ్చేది. అక్కడ అమ్మ ఉండేది. ఇక్కడ రెండో రోజు మధ్యాహ్నానికి పొత్తికడుపులో ఎవరో పలుపుతాడు మెలిపెట్టినట్టయింది. అరిచింది. కొట్టంలో ఎద్దు బెదిరి గుంజ పీక్కుంది. గడప దగ్గర పెట్టిన తిండి కుక్క తినిపోయింది.

మామ వరదరాజ నాయకర్‌కి కోడలి సంగతి కంటే ఎద్దు సంగతే ముందు తెలిసింది.

"ఇదేం పిల్లరా! మూడు దినాల ముట్టుకే ఊరంతా లేపతా ఉండాదే. దయ్యం గియ్యం పట్టిండాదేమో. వచ్చే నెల కూడా ఇట్లనే అరిచిందంటే బండి కట్టించి తేనికి పంపించేస్తా" అని వాకిట్లో కూర్చుని, పెరటి చివరిదాకా వినబడేలా తీర్మానం చేశాడు. కొడుకు సౌందరరాజు తల ఊపాడు. తండ్రి ఏది చెప్పినా ఊపడానికి ఆ తల బాగా పనికొచ్చేది.

అందుకని రెండో నెలలో పాంచాలి లోపలికి వెళ్తూనే చీర చెంగు నోట్లో కుక్కుకుంది. చచ్చినా చప్పుడు చేయకూడదు. పుట్టింటికి తిరిగొచ్చిన పిల్లని ఏమంటారో ఆమె చూసింది. ఒక సంగతి మాత్రం కాస్త ఊరటగా తోచింది. ఈ మూడు రోజులూ అత్త ముఖం చూడనక్కర్లేదు.

పొద్దు వాలకముందే గడప దగ్గర నీడ పడింది. చంకలో చాప, చేతిలో తమలపాకుల సంచి, కొంగున ఏదో మూట.

"నాకూ వచ్చేసింది. జరుగు. ఇల్లంతా నీదేనా?" అంది చెల్లమ్మాళ్.

పాంచాలికి ఆ క్షణంలో నొప్పి కూడా మరుపున పడింది.

చెల్లమ్మాళ్ కూర్చోగానే పొయ్యి రాజేసింది. పిడకల మీద ఇటుక పెట్టింది. "నా నడుం విరిగిపోతా ఉండాదే, కాపడం పెట్టుకోవాల" అని ఊరికి వినబడేలా మూలిగింది. ఇటుక కాగాక ముందు తన ముంజేతికి ఆనించి చూసుకుంది. అత్తకి ఏదైనా ముందు తనకే, తర్వాతే ఇంకొకరికి కదా అనుకుంది పాంచాలి. అత్త ఇటుకకి రెండు చుట్లు గోనె చుట్టి కోడలి వైపు తోసింది.

"నాకు ఎక్కువైంది. మిగిలింది నువ్వు పెట్టుకో. ఆరిపోయేదాన్ని సుమ్మా, ఊరికే పారేస్తామా?"

మిగిలిన వేడి రోజంతా మిగులుతూనే ఉండేది. వాము, తాటిబెల్లం వేసి కాచిన కషాయం కూడా అంతే. చెల్లమ్మాళ్ తనకని కాచుకునేది, ఒక గుక్క తాగి ముఖం చిట్లించేది. "థూ, చేదు! నువ్వు తాగు" అనేది. ఆముదం ఆకు వెచ్చచేసి కోడలి కడుపు మీద పరుస్తూ కూడా తిట్లు ఆపేది కాదు.

"మా కాలంలో ఇదే నొప్పితో పత్తి తీసినాము. నువ్వేమో మహారాణి. అరవవే, గట్టిగా అరవవే! మీ మామ అడిగితే నేనే అరిచినానని చెప్తా. నన్ను ఏ తేనికి పంపిస్తాడో చూస్తాను."

నిజంగానే ఆ నెల మామ వాకిట్లోంచి అడిగాడు. లోపలి నుంచి చెల్లమ్మాళ్ "నేనేలెండి!" అని అరిచింది. ముప్పై ఏళ్ల కాపురంలో నేర్చుకున్న పాఠం కాబట్టి ఆయన మళ్లీ అడగలేదు. బండి కట్టే మాట అంతటితో సరి.

బిడ్డ పుడితే నొప్పి పోతుందని చెప్పారు పెద్ద ముత్తయిదువలు. ఇద్దరు పుట్టారు. నొప్పి పోలేదు, చెప్పినవాళ్లే ఒక్కొక్కరూ పోయారు. పాంచాలి కడుపుతో ఉన్న నెలల్లో చెల్లమ్మాళ్ ముట్టింటికి అరుదుగా వెళ్లేది. "వయసైందమ్మా, ఒక నెల వస్తుంది, ఒక నెల రాదు" అని నిట్టూర్చేది. కాన్పై, చంటిది పాలు తగ్గించి, పాంచాలికి మళ్లీ మొదలుకాగానే అత్తకీ వయసు వెనక్కి వచ్చేసేది. కోడలికి ఒకటి వస్తే తనకూ రావాలనే పంతం ఒంటికి కూడా ఉంటుందా అని పాంచాలి ఆశ్చర్యపోయేది.

ఊళ్లో ఆడవాళ్లు వేళాకోళం చేసేవారు. "ఏం చెల్లమ్మక్కా, నీకింకా పడుచుతనం తీరలేదా? మాకూ ఆ మందేదో చెప్పరాదా?" అనేవారు. "మీ మొగుళ్లని అడగండే" అనేది ఆమె. పాంచాలి సిగ్గుతో నేల చూసేది. పైగా అత్త ముట్టింటికి వచ్చేటప్పుడు పసుపుకొమ్ము తెచ్చుకునేది. అది నాలుగో రోజు స్నానానికి కదా, మొదటి రోజే ఎందుకు? అరవై ఏళ్ల ముఖానికి మూడు రోజుల ముందునుంచే తయారీ కాబోలు అని పాంచాలి లోలోపల నవ్వుకునేది. ఆ నవ్వు ఒక్కటే ఆమెకి ఆ గుడిసెలో ఖర్చులేని మందు.

మనుషుల లెక్క రాసుకోవడానికి సర్కారు గుమాస్తా వచ్చిన రోజు కూడా అత్తాకోడళ్లిద్దరూ లోపలే ఉన్నారు. గుమాస్తా కాగితం పరిచి, ఇంటి యజమానురాలి వయసు ఎంతని అడిగాడు.

"అరవై..." అని మొదలుపెట్టాడు వరదరాజ నాయకర్.

"నలభై!" అని పెరటి చివర నుంచి కేక వచ్చింది.

గుమాస్తా కలం ఆపాడు. "కొడుకుకి ముప్పై రెండని చెప్పారే?"

"మా వంశంలో అన్నీ కొంచెం ముందుగానే జరుగుతాయి" అన్నాడు నాయకర్, మీసం సవరించుకుంటూ. పెళ్లాం మాట ముందు లెక్కల మాట నిలబడదని ఆయనకి తెలుసు. గుమాస్తా నలభై అని రాసుకుని పోయాడు.

చెల్లమ్మాళ్ పోయాక వచ్చిన నెలలో పాంచాలి పదకొండేళ్ల తర్వాత మళ్లీ ఒక్కతే ముట్టింట్లోకి వంగింది. నిజం చెప్పాలంటే, మొదటి పూట హాయిగానే అనిపించింది. తిట్టేవాళ్లు లేరు. గుడిసె కూడా వెడల్పైనట్టుంది.

మర్నాటికి నొప్పి తన వేళకి తాను వచ్చింది. అత్త పోయిందని దానికెవరూ కబురు పెట్టలేదు.

పాంచాలి పాక్కుంటూ పోయి ఇటుక దింపింది. పొయ్యి రాజేసి కాచింది. ముంజేతికి ఆనించి చూడటం తోచలేదు. ఒక్క చుట్టు గోనెతో కడుపు మీద పెట్టుకుంటే చర్మం కాలింది. రెండోసారి పెడితే చల్లగా ఉంది. మూడోసారి లేచే ఓపిక లేక, చల్లటి ఇటుకనే కడుపుకి అదుముకుని పడుకుంది. అరవవచ్చు. కానీ మామ అడిగితే "నేనేలెండి" అనడానికి ఎవరున్నారు?

ఇటుక తీసిన సందులో ఒక మోదుగాకు పొట్లం కనబడింది. విప్పితే, సగం అరిగిన పసుపుకొమ్ము, పక్కన సున్నపుకాయ. పోయినా సోకు మాత్రం దాచిపెట్టి పోయిందే అనుకుంది పాంచాలి. పొట్లం మళ్లీ కట్టింది. ఎందుకో పారేయలేదు.

మూడో రోజు చాకలి ఇరుళాయి గుడ్డల మూట కోసం వచ్చింది. ఈ ఇంటి ముట్టుగుడ్డలు ఉతికేది ఆమే. మూట తేలికగా ఉండటం చూసి గడప బయటే చతికిలబడింది.

"ఈ నెలనుంచి పసుపుగుడ్డ ఉండదు గదా, సిన్నమ్మణీ" అంది, ముక్కు చీదుకుంటూ.

"ఏం పసుపుగుడ్డ?"

"పెద్దమ్మణిదమ్మా, మీ అత్తది. పసుపూ సున్నమూ కలిపి గుడ్డకి ఎర్రగా పూసేది గదా. నెత్తురైతే చన్నీళ్లలో నానేస్తే వదిలేస్తది. ఇది ఎండితే పచ్చన, చవుడుమన్నులో వేస్తే మళ్లీ ఎర్రన. ఎండలో ఆరేస్తేనేగాని పోదు. నేను ఉతికేదాన్ని, నాకు తెలీదా?"

పాంచాలి మోదుగాకు పొట్లం తీసి మళ్లీ విప్పింది.

"ఎవ్వరికీ చెప్పలేదేం ఇరుళాయీ?"

"గుడ్డ ఉతికేది నా పని. గుడ్డ చెప్పిన మాట మోసేది కాదు."

"ఎన్నాళ్లనుంచి?"

ఇరుళాయి వేళ్లు మడిచి గుర్తుచేసుకుంది. "నువ్వు కాపురానికి వచ్చిన రెండో నెలనుంచి. దానికి ముందు ఒక ఏడాదిగా పెద్దమ్మణి నాకు గుడ్డ వేయనే లేదు."