బల్లి బండి దిగి నడిచిన కుటుంబం

ఇప్పుడంటే ఆదివారం వస్తే అరకులో కార్లకి రోడ్డు చాలడం లేదు గానీ, నేను చెప్పే కాలంలో మా వీధిలో ఓ కారు ఆగిందంటే ‘ఎవరింటికో ఆఫీసరొచ్చాడు’ అనో, ‘ఎవరికో బాగా సీరియస్’ అనో జనం బయటికొచ్చి నిలబడేవారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు కార్ల పిచ్చి పట్టింది. మామూలు పిచ్చి కాదు. నేనప్పుడు కొత్తగా ఓ గెస్ట్‌హౌస్ రిసెప్షన్‌లో చేరాను. టూరిస్టులు వదిలేసి వెళ్లిన పత్రికల్లోంచి కార్ల బొమ్మలు కత్తిరించి, గదుల తాళాలు తగిలించే బోర్డు వెనక అంటించుకునేవాణ్ణి. (మేనేజరు ఓసారి చూసి, ‘ఏంటయ్యా ఇవి, దేవుడి పటాలా?’ అన్నాడు. ‘ఇంచుమించు అంతే సార్’ అన్నాను.) అలాంటివాడికి వైజాగ్‌లో ఓ పెద్దమనిషి తన స్పోర్ట్స్ సెడాన్ అమ్మేస్తున్నాడని తెలిస్తే నిద్ర పడుతుందా చెప్పండి!

నా జీతంతో కారు చక్రం కూడా రాదు. నాన్నకి మెయిన్ రోడ్డు మీద కిరాణా కొట్టుంది. వారం రోజులు వెంటపడ్డాను. స్పోర్ట్స్ అన్న మాట మింగేసి, ‘నాలుగు తలుపులు నాన్నా, అయిదుగురం హాయిగా వెళ్లొచ్చు’ అని ఒకటే పాట పాడాను. చివరికి సగం నాన్న, సగం నేను వేసుకుని కొన్నాం. ఒప్పందం ఏమిటంటే, వారమంతా కారు ఇంటిది, ఆదివారం నాది. తెల్లగా, పావురమంత ముచ్చటగా ఉన్న ఆ కారు ఇంటిముందు ఆగినప్పుడు, మా మామ్మ దాని చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, నిమ్మకాయలు తొక్కించి, ‘బాగుందిరా. దీన్నింకేటీ సెయ్యకు’ అంది. పెద్దవాళ్లు ముందే చెబుతారు. మనమే వినం.

ఎస్.కోటలో నాకు వరసకి బావ ఒకడున్నాడు. వెల్డింగ్ షెడ్డు ఉండడంతో అందరూ వెల్డింగ్ బావ అనేవారు. ఇనుము కనిపిస్తే కొయ్యకుండా ఉండలేడు. ‘బావా, దీన్ని కార్ల షోకి తయారుచెయ్యాలి. కానీ ఇంట్లోవాళ్లు కూడా ఎక్కాలి’ అన్నాను. వాడు కారు చుట్టూ తిరిగి, ‘అదెంత పని! పైన ఫేమిలీ, కింద షో. నువ్వు నిశ్చింతగా కూకో’ అన్నాడు. స్ప్రింగులు కోసి కారుని నేలకి దింపేశాడు. వెడల్పు టైర్లు, మెరిసే చక్రాలు, డిక్కీ మీద పెద్ద రెక్క, అడుగున నీలం లైట్లు, చేటంత సైలెన్సరు వచ్చాయి. డిక్కీ నిండా స్పీకర్ల పెట్టె బిగించాం. ఇంటికి తెచ్చి స్టార్ట్ చేస్తే పక్కింటి కోళ్లు ఇంటికప్పు మీదికెక్కిపోయాయి. నాకైతే ఒళ్లంతా పులకరించిపోయింది!

ఇంట్లోవాళ్లు మాత్రం దాన్ని వాళ్ల పద్ధతిలో వాడుకోవడం మొదలెట్టారు. వెనక రెక్క మీద అమ్మ వడియాలు ఆరబెట్టింది. (ఎండ బాగా తగులుతుందట, కుక్కలకి అందదట.) బియ్యం బస్తా స్పీకర్ల మూలంగా డిక్కీలో పట్టక, వెనక సీట్లో చెల్లి పక్కన మనిషిలా కూర్చుని వచ్చేది. కారు ఎత్తు చూసి మామ్మ, ‘ఇది కారేటిరా, బల్లిలాగ పాకతంది’ అంది. అంతే, ఊరంతటికీ అది బల్లి బండి అయిపోయింది.

అసలు కథ స్పీడ్ బ్రేకర్ల దగ్గర మొదలైంది. మా ఘాట్ రోడ్డులో ఊరికో బ్రేకరు. అవి రోడ్డు వేసినవాళ్లు కట్టినవి కాదు, ఎవరి గుమ్మం ముందు వాళ్లు కోపంకొద్దీ పోసుకున్నవి. ఓసారి అందరం ఎస్.కోట పెళ్లికి వెళ్లి వస్తుంటే అనంతగిరి దగ్గర బ్రేకరు మీద ‘కర్ర్’మంది. దిగి చూస్తే అడుగున ఆయిల్ ఛాంబరు పగిలి, నూనె రోడ్డంతా పారుతోంది. పట్టుబట్టలతో పిట్టగోడ మీద కూర్చుని, మిరియాల బస్తాల జీపులో సర్దుకుని ఇల్లు చేరాం. నాన్న దార్లో నోరు విప్పలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పాక విప్పారు.

‘ఒరే, వొచ్చే నెల వైజాగులో కార్ల షో ఉందన్నావు కదా. ఎల్లు. అక్కడ నీ బండికి ఏటైనా వొస్తే ఇలాగే ఉంచుకో. రాకపోతే సోమవారం పొద్దున్న ఆ రెక్కా, డబ్బాలూ పీకించీసి, స్ప్రింగులు మార్పించీసి, బొర్రా గుహలకి టేక్సీ తిప్పుతాను. మళ్లీ మాటాడకు.’

నా బల్లి నెత్తిన ట్యాక్సీ బోర్డు! వెల్డింగ్ బావ ఛాంబరు అతికించి కారు తెచ్చిన రాత్రి దాన్ని గుడ్డతో తుడుస్తూ దానికి బోలెడు ధైర్యం చెప్పాను.

అయితే షో వరకూ కారు బతకాలి కదా. అందుకని నాన్నే ఓ పద్ధతి పెట్టారు. బ్రేకరు కనిపించగానే నేను ఆపుతాను. ముందు సీటు తలుపు తీసుకుని మామ్మ దిగుతుంది. వెనక ఒకవైపు నుంచి నాన్న, రెండోవైపు నుంచి అమ్మ, చెల్లి. బరువు తగ్గి కారు కాస్త లేస్తుంది. నాన్న ముందుకెళ్లి వంగి చూస్తూ ‘రానీ... రానీ... ఎడం కొట్టు... ఆపు... రానీ’ అంటారు. నేను నా తలుపు తీసి సగం బయటికి వేలాడుతూ అడుగు చూసుకుంటూ ఏటవాలుగా దాటిస్తాను. అవతల అందరూ ఎక్కుతారు. మొదట్లో సణుక్కుంటూ చేసేవారు. పోనుపోను మాటల్లేకుండానే జరిగిపోయేది. నా కాలు బ్రేకు మీద పడితే చాలు, నాలుగు తలుపులూ ఒక్కసారి తెరుచుకునేవి. సుంకరమెట్ట సంతకి తట్టలెత్తుకుని వెళ్తున్న ఓ గిరిజన అవ్వ ఇదంతా నిలబడి చూసి, ‘కారుండీ నడుత్తన్నారేటమ్మా?’ అనడిగింది. మామ్మ తడుముకోకుండా, ‘కారుకి మోకాళ్ల నొప్పులు తల్లీ’ అంది. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

షో రోజే వైజాగ్‌లో మా మేనత్త మనవడి బారసాల పడింది. ‘ఖాళీ కారు తీసుకెల్తావేటి? అందరం వొస్తాం’ అన్నారు నాన్న. ముందు వాళ్లని అత్త ఇంట్లో దింపి, ఆనక ఒక్కణ్ణే దర్జాగా షోకి వెళ్లాలన్నది నా ప్లాను. తెల్లారకుండా బయల్దేరాం. అమ్మ ఒళ్లో అత్తకిచ్చే పనసకాయ. (డిక్కీలో స్పీకర్లు కదా!) ప్రతి బ్రేకరు దగ్గరా అమ్మతోపాటు పనసకాయా దిగేది, దాని బరువూ తగ్గాలని నాన్న పట్టు. అలా దిగుతూ ఎక్కుతూ వైజాగ్ చేరేసరికి షో గేటు మూసే వేళయింది. అత్త ఇల్లు ఆ చివరెక్కడో ఉంది. ‘నాన్నా, టైం అయిపోతోంది!’ అని ఏడుపు గొంతుతో అరిచాను. ‘అయితే బేగి అక్కడికే పోనీ’ అన్నారు.

గ్రౌండ్‌లోకి అడుగుపెడితే కళ్లు తిరిగాయి. ఎరుపు, పసుపు, నీలం... కొన్ని కార్లయితే మట్టి తగలకుండా లారీల మీద ఊరేగింపుగా వచ్చాయి! జుట్టుకి జెల్ రాసుకున్న కుర్రాళ్లు, మైకులో గోల, పాటలు. గేటు దగ్గర వీళ్లని దింపేద్దామనుకుంటే వెనక కార్ల హారన్లు. విజిల్ పట్టుకున్న కుర్రాడు ‘పోనీ, పోనీ’ అని తోలేస్తే నేరుగా స్టేజీ వరసలో పడ్డాం. పట్టుచీరలు, మల్లెపూలు, పనసకాయ వాసన, మధ్యలో నేను. ‘కాస్త తలలు వంచుకోండి’ అని బతిమాలాను.

‘ఎందుకు వొంచాలిరా? దొంగతనం సేసామేటి?’ అంది మామ్మ, ఇంకా నిటారుగా కూర్చుని.

స్టేజీకి చెక్కలతో వాలుదారి కట్టారు. దాని మొదట్లో బెత్తెడు గట్టు. మా ముందున్న ఎర్ర కారు దర్జాగా ఎక్కబోయి ‘కర్ర్ ర్ ర్’ మనిపించింది. జనం ‘అయ్యయ్యో’ అన్నారు. మా వంతు వచ్చింది. ఆ గట్టు చూసి, ఏమీ ఆలోచించకుండా, అలవాటుకొద్దీ బ్రేకు తొక్కాను.

అంతే! నాలుగు తలుపులూ టక్కున తెరుచుకున్నాయి. ముందు నుంచి మామ్మ, వెనక నుంచి నాన్న, ఇటు అమ్మా పనసకాయా, ఆ వెనకే చెల్లి. నేను సగం బయటికి వేలాడాను. నాన్న పట్టుపంచె ఎగ్గట్టి గట్టు ముందు వంగి, అంత జనం మధ్యా అనంతగిరిలో ఉన్నట్టే ‘రానీ... రానీ... ఎడం కొట్టు... ఆపు... రానీ!’ అన్నారు. నా బల్లి ఒంటికి గీత కూడా పడకుండా ఏటవాలుగా పాకి పైకెక్కింది. వీళ్లు నడుచుకుంటూ వెనకాలే ఎక్కి, ఎవరి తలుపు దగ్గరికి వాళ్లు వెళ్లి కూర్చున్నారు. నాలుగు తలుపులూ ఒక్కసారే ‘ధబ్’మన్నాయి.

నేను కళ్లు మూసుకున్నాను. అయిపోయింది, సోమవారం ట్యాక్సీయే అనుకున్నాను. అప్పుడు మొదలయ్యాయి ఈలలు! చప్పట్లు! జెల్ కుర్రాళ్లు బారికేడ్లెక్కి అరుస్తున్నారు. మైకాయన పరిగెత్తుకొచ్చి, ‘సార్, ఇది ఏ టీమండీ? ఎన్నాళ్లు ప్రాక్టీసు చేశారు?’ అని నాన్న నోటి దగ్గర మైకు పెట్టాడు.

‘టీమేటి బాబూ, ఇంటోళ్లం’ అన్నారు నాన్న. గ్రౌండు మళ్లీ హోరెత్తింది.

నల్లకళ్లద్దాల జడ్జిగారు దగ్గరికొచ్చి, ఇంకొక్కసారి చేసి చూపిస్తారా అని అడిగారు. మామ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, ‘దిగమంటే దిగుతాం గాని, ముందు ఆ పనసకాయ ఎవరైనా పట్టుకోండి నాయనా, మా కోడలి సేతులు పడిపోతన్నాయి’ అంది. జడ్జిగారే పట్టుకున్నారు. రెండోసారి అయ్యేదాకా ఆయన దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని నిలబడ్డారు.

పెద్ద కప్పు ఎర్ర కారుకే వెళ్లింది. జనం మెచ్చిన బండి అని మాకో చిన్న కప్పు ఇచ్చారు. అందుకోవడానికి నేను చెయ్యి చాపేలోపే నాన్న చెయ్యి చాపేశారు. బారసాలలో పిల్లాడికంటే ఆ కప్పునే ఎక్కువమంది ఎత్తుకున్నారు. (పిల్లాడి పేరేమిటో నాకు మర్నాటి వరకూ తెలియదు.)

తిరుగుప్రయాణంలో మొదటి బ్రేకరు దగ్గర నేను ఆపీ ఆపకముందే నాన్న దిగేశారు. కప్పు చంకలోనే ఉంది. వంగి కారు అడుగుకేసి చాలాసేపు చూశారు. ‘ఏం నాన్నా, తగిలిందా?’ అన్నాను భయంగా.

‘నేదురా’ అన్నారు, గెడ్డం గోక్కుంటూ. ‘ఇంకో అంగుళం దింపించీవొచ్చేమో, మీ బావనడుగు.’

ఆ బల్లి మా దగ్గర చాలా ఏళ్లుంది. నా పెళ్లయ్యాక మనుషులు పట్టక అమ్మేశాం. కొన్నవాడు మొదటి వారంలోనే స్ప్రింగులు మార్పించేశాడని విని నాన్న ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మామ్మ ఇప్పుడు లేదు. ఇప్పుడు నాది నిచ్చెనేసుకుని ఎక్కాల్సినంత ఎత్తు బండి. బ్రేకర్లు వచ్చిందీ పోయిందీ తెలియదు, వెనక పిల్లలు ఫోన్లలోంచి తలెత్తరు. మొన్న సుంకరమెట్ట దాటుతుంటే ముందు సీట్లో కునుకుతున్న నాన్న, బ్రేకరు రాగానే కళ్లు తెరవకుండానే తలుపు పిడి మీద చెయ్యేశారు.

‘దిగక్కర్లేదు నాన్నా’ అన్నాను.

‘తెలుసులేరా’ అన్నారు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

నేను బండి ఆపాను. నాన్న అటు దిగారు. వెనక నుంచి అమ్మ, అడక్కుండానే, ఇటు దిగింది. పిల్లలు ‘ఏమైంది? ఏమైంది?’ అంటున్నారు. నేను తలుపు తీసి, సగం బయటికి వేలాడి, వంగి చూశాను. కింద బోలెడంత ఖాళీ ఉంది. అయినా నాన్న ముందుకెళ్లి నిలబడి, ‘రానీ... రానీ...’ అంటూనే ఉన్నారు.