రుషికొండలో చెప్పుల కాపలా

గాజువాకలో కాపురం పెట్టాక, వేసవి వస్తే చాలు, గోదావరి జిల్లా నుంచి అత్తవారి వైపు చుట్టాలు దిగేవారు. అందరినీ రుషికొండ బీచికి తీసుకెళ్లేవాళ్లం. వాళ్లు నీళ్లలో ఆడుతుంటే ఒడ్డున కూర్చుని చెప్పులూ గడియారాలూ కాయడం నా వంతు. ఇంటికొచ్చిన వాళ్లకి ఆ మాత్రం చేయాలి కదా మరి.

ఒక ఏడు అక్కడ స్పీడ్ బోట్లు కనిపించాయి. నా తోడికోడలు నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని చెంగున ఎక్కేసింది.

"ఏటమ్మా, నువ్వెక్కవా?" అని బోటతను నన్ను అడిగాడు.

నేను నోరు విప్పేలోపే మా ఆయన అందుకున్నారు. "ఆవిడ ఉండేది ఇక్కడేగా, ఎప్పుడైనా ఎక్కుతుంది."

బోటు అలల మీద ఎగిరిపడుతుంటే ఆవిడ కేరింతలు ఒడ్డుదాకా వినిపించాయి. నాకు కడుపు మండిపోయింది. మునిగిపోవాలని కోరుకోలేదు కానీ, వాంతైనా చేసుకుంటే బాగుండునని మాత్రం అనుకున్నాను.

ఆవిడ నవ్వుతూనే దిగింది. "సముద్రంలోంచి చూస్తే మీ ఊరు ఎంత బాగుందో అక్కా! కొండలన్నీ నీళ్లలోంచి లేచినట్టున్నాయి. మీకేం, ఎప్పుడూ చూస్తూనే ఉంటారు" అంటూ చెప్పుల కోసం కాలు చాపింది.

ఇన్నేళ్లూ సముద్రం దగ్గర నేను చూసింది వాళ్ల చెప్పుల్నే.