పురానాపూల్‌కు మోసుకపోయిన డైవర్ డ్రెస్

నిజామాబాద్ స్టేషన్ల పొద్దుగాల బండి ఎక్కిన. చేతిల బట్టల సంచి, నెత్తి మీద గోనె సంచి. గోనె సంచిల మా ఆయన రాజయ్య డ్రెస్ ఉన్నది. ఆయన డ్యాం మీద డైవర్. తూము కాడ మొద్దులు, చెత్త ఇరుక్కుంటే నీళ్లల్లకు దిగి తీసుడు ఆయన పని. రెండు మందపు కాన్వాసు బట్టల నడుమ రబ్బరు పెట్టి చేసిన డ్రెస్ అది. పాదాల కాంచి మెడ దాక ఒక్కటే తునుక. మెడ కాడ ఇత్తడి టోపీ బిగిస్తరు. పైన ఇద్దరు పంపు కొడుతుంటే గొట్టంల కెల్లి ఆయనకు గాలి అందుతది.

ఆ డ్రెస్‌ను చూసుకునేది నేనే. దిగి వచ్చినప్పుడల్లా మంచినీళ్లతోని కడగాలె. ఎండ తగలకుంట నీడకు తలకిందులు వేలాడగట్టాలె. రబ్బరు అతుక్కోకుంట సుద్దపొడి చల్లాలె. అందుకే అది పాతదైపోయిందని అందరికంటె ముందు నాకే తెలిసింది. మొన్న ఆయన దిగి వచ్చినంక డ్రెస్ కాళ్లు పట్టి ఒంపితే బకెట్‌కు పైన నీళ్లు కారినయి.

"గివేం నీళ్లు?" అన్న.

"నిల్చున్నంతసేపు నీళ్లు కాళ్లకాడనే ఉంటయి, ఫికర్ చెయ్యకు" అన్నడు.

"మరి వంగితే?"

వంగితే ఆ నీళ్లు టోపీలకు వస్తయని ఇద్దరికీ తెలుసు. తూము కాడ వంగకుంట చేసే పని ఏదున్నది?

వచ్చే వారం మళ్ల దిగాలె. ఆయనకు సెలవు దొరకలే. నా పుట్టినిల్లు హైదరాబాద్ పాతబస్తీల, పురానాపూల్ కాడ. పత్తర్‌గట్టిల రబ్బరు సామాను బాగుచేసే మనిషి ఉన్నడని అక్కడ ఉండే మా మల్లేశన్న చెప్పి పంపిండు. నేనే పోతనన్న.

మూడో తరగతి పెట్టె కిక్కిరిసి ఉండె. కామారెడ్డి దాటినంక సంచి మూతి వదులై డ్రెస్ కాలొకటి బయటికి జారి బెంచీ కిందికి వేలాడింది. ఎదురుంగ కూసున్న ముసలామె చూసి, "అయ్యో, మనిషి కాలు!" అని కేకేసింది. అందరు లేచిన్రు. డ్రెస్ మొత్తం బయటికి తీసి చూపెట్టిన. చేతులు, కాళ్లు, నడుమ ఖాళీ కడుపు. ఒక రైతు దాన్ని తేరిపార చూసి, "మరి మనిషేడమ్మా?" అన్నడు.

"ఇంటికాడ ఉన్నడు" అన్న. కాచిగూడ వచ్చేదాక దాన్ని ఒళ్లె పెట్టుకొని రెండు చేతులతోని పట్టుకున్న.

బండి దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. రిక్షా మాట్లాడుకొని పురానాపూల్ పోయిన. మా అన్నకు బర్లున్నయి, పాలు పోస్తడు. వదినె నా మొఖం చూసి ముందుగాల అన్నం పెట్టింది, తర్వాతనే సంగతి అడిగింది.

తెల్లారి అన్న, నేను నడుసుకుంట పత్తర్‌గట్టికి పోయినం. ఎవరన్న పోదలిస్తే చార్మినార్‌కు ఎదురుంగ నిలబడి, రాతి దుకాణాల వెనుక సందులకు తిరగాలె. వానకోట్లు, వేడినీళ్ల సంచులు వేలాడుతున్న చిన్న దుకాణం కరీం భాయ్‌ది. ఆయన డ్రెస్‌ను చూసి ముందు నవ్విండు. అది ఎందుకు తొడుగుతరో చెప్తే నవ్వుడు బంద్ చేసిండు.

చేతుల మూతులు తాడుతోని కట్టిండు. మెడకు చెక్క బిళ్ల బిగించి, సైకిల్ పంపుతోని గాలి కొట్టిండు. డ్రెస్ మెల్లమెల్లగ ఉబ్బి, ఎవరో లోపట పండుకున్నట్లయింది. నేను మొఖం తిప్పుకున్న. సబ్బు నురగ రాస్తే తొడ కాడ బుడగలు వచ్చినయి. ఆ జాగ గరుకు కాయితంతోని రుద్ది, సొల్యూషన్ పూసి, పట్టీ అతికి, మీద ఇస్త్రీపెట్టె బరువు పెట్టిండు.

సాయంత్రానికి డ్రెస్ చేతికిచ్చుకుంట, "బెహెన్, పట్టీ పక్కా ఉంటది. కానీ చుట్టూ రబ్బరు సచ్చిపోయింది. ఎండిన రొట్టె లెక్క ఉన్నది, చూడు. పట్టీ పక్కకెల్లి ఎప్పుడు పగుల్తదో ఖుదాకే తెల్వాలె" అన్నడు.

"ఇంకొక్కసారి దిగితే ఆగుతదా భాయ్?"

"నేనైతే మా ఇంటోల్లను దిగనియ్య."

దారి పొడుగునా ఆ మాటే చెవుల మోగింది. తెల్లారి మధ్యాహ్నం అన్నతోని చెప్పిన: "మన హౌజుల దిగి చూద్దాం. నీళ్లు రాకుంటేనే తీస్కపోత." బర్లను కడిగే ఆ హౌజు ఛాతీ లోతు ఉంటది. అన్న తొడుక్కోబోతే భుజాలు మెడలకు పట్టలే. నేనే తొడుక్కుంటనన్న.

"పిచ్చి లేసిందా చెల్లె? నీకు ఈతొస్తదా?"

"నీళ్లు ఛాతీ దాకనే గదా."

నేను చీర విప్పబోతే అన్న అవతలికి తిరిగిండు. వదినె మెడ పట్టీ సాగదీసి పట్టుకుంటే లోపటికి దూరిన. రబ్బరు వాసన, ఆయన చెమట వాసన. మెట్ల మీదికెల్లి దిగిన. నీళ్లు పైకొచ్చినకొద్దీ డ్రెస్ కాళ్లను పిసికి పట్టుకున్నది, ఎవరో పిడికిళ్లతోని పట్టినట్లు. రోజు ఆయన గిట్లనే దిగుతడా అనుకున్న. కానీ లోపట పొడిగనే ఉన్నది. అన్న మొఖం విచ్చుకున్నది.

"చాలు, పైకి రా" అన్నడు.

"ఒక్కసారి వంగి చూస్త" అని మోకాళ్లు కొద్దిగ వంచిన.

పట్టీ పక్కన చటుక్కున సల్లటి నీళ్లు దూరినయి. కరీం భాయ్ చెప్పింది చెప్పినట్లే అయింది. భయానికి ఎగిరిపడ్డ, పాచి మీద కాలు జారింది. లోపట మిగిలిన గాలంత కాళ్లల్లకు పోయింది. నీళ్లల్ల దిగేటోళ్లు కాళ్లు తేలకుంట సీసం బూట్లు తొడుగుతరు, నేను అవి లేకుంట దిగిననని అప్పుడు యాదికొచ్చింది. కాళ్లు పైకి తేలినయి, తల కిందికి పోయింది. మెడ కాడికెల్లి నీళ్లు లోపటికి దూరుతున్నయి. నిలబడదామంటే కాళ్లు కిందికి రావు. పచ్చటి నీళ్లు, చెవుల్ల నా గుండె చప్పుడు, ఇంకేం లేదు. రాజయ్యా అని పిలవబోతే నోట్లెకు నీళ్లొచ్చినయి.

ఎవరో నా కాలు గుంజిన్రు. చర్రున చినిగిన చప్పుడు. గాలి బుసబుస బయటికి పోయింది, కాళ్లు కిందికి దిగినయి. అన్న నా జుట్టు పట్టి పైకి లేపిండు. ఆయన చేతిల గడ్డి కోసే కొడవలి ఉన్నది. డ్రెస్ కాలు తొడ కాంచి మడమ దాక చీరుకపోయింది.

గట్టు మీద పడి దగ్గుతుంటే వదినె వీపు నిమురుకుంట ఏడ్సింది. "డ్రెస్ పాడైంది చెల్లె" అన్నడు అన్న. ఆయన పెదవులు నల్లబడి ఉన్నయి.

మరునాడు మధ్యాహ్నం బండి కాచిగూడల ఎక్కిన. తడి గోనె సంచికెల్లి నీళ్లు కారుతుంటే పక్కనోళ్లు కాళ్లు దూరం జరుపుకున్నరు. "ఏంది బిడ్డా అది?" అని ఒకామె అడిగితే, "మా ఆయన బట్టలు" అన్న. డ్రెస్ ఆయనది కాదు, సర్కారుది. నౌకరి పోతదేమో, ఆయన నా మీద లేస్తడేమో అని ఒక భయం. దాని కింద ఇంకో భయం, కుట్టుకొని మళ్ల దిగుతనంటడేమో అని. పుట్టింటికి పోయి గూడ ఆ మూడు రోజులు నేను మనుషులకంటె ఈ డ్రెస్‌నే ఎక్కువ చూసిన.

పొద్దు గూకంగ నిజామాబాద్ల దిగిన. రాజయ్య స్టేషన్ కాడికొచ్చిండు. అక్కడనే సంచి విప్పి, జరిగిందంత ఒక్క గుక్కల చెప్పిన. ఆయన కింద కూసొని ఆ చీలిక మొదటి కాంచి చివరి దాక వేలు పెట్టి చూసుకుంట పోయిండు.

"మీ అన్న కోసిండా?"

"ఊ."

డ్రెస్ మడతపెట్టి సంచిల కుక్కి, భుజాన వేసుకొని లేచిండు.

"మంచిగ కోసిండు" అన్నడు. "ఇగ ఎవ్వడూ కుట్టలేడు."