ఆముదం పూసిన బండ

మన ఊళ్ళో కొండ ఎక్కి దిగినవాళ్ళందరికీ నుదుట కుంకుమ ఎందుకుంటుందని మొన్న ఫోన్‌లో అడిగారు కదా, చెబుతాను.

దేవనహళ్ళి దాటి కాస్త లోపలికొస్తే మన చేనేత వీధి. వీధి చివర నిటారుగా లేచిన నల్లబండ. శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి పిల్లలు తాళ్ళు మోసుకొచ్చి దాన్ని ఎక్కుతారు. వాళ్ళ సంచులు మన అరుగుల మీదే ఉంటాయి, మధ్యాహ్నం వాళ్ళకు రాగిముద్ద మన పొయ్యిల మీదే ఉడుకుతుంది. బస్సు దిగి దారి అడిగితే చాలు, ఆటో అతను "కొండకా? రాప్పా" అని సంచి అందుకుంటాడు.

వాళ్ళలో బెంగళూరు హూడిలో ఉద్యోగం చేసే అమ్మాయి ఒకతె ఉండేది. ఆంధ్రా పిల్ల. బండ మధ్యలో నిలువునా ఒక పగులుంది చూడండి, దాని వెంటే పైదాకా పోవాలని ఆమె పట్టుదల. ప్రతిసారీ పైన వంపు దగ్గర చేయి జారి తాడుకు వేలాడేది. ఇంతలో ఉద్యోగం పూణేకి మారింది. ఇక ఒక్క ఆదివారమే మిగిలింది.

ముందురోజు సాయంత్రం మీ చిన్నవ్వ, అదే నా తోటికోడలు, ఆ పగులు పొడవునా ఉన్న తెల్లటి చేతి గుర్తులను చూసింది. చెమటకు చేయి జారకుండా వాళ్ళు రాసుకునే పొడి అది. మేమేమో రాతికి మొక్కి విభూతి పెడుతున్నారనుకున్నాం, ఎన్నడూ అడగలేదు.

"పాపం, తెల్లది పెట్టి ఇడిసిపెట్నారు. పసుపు కుంకుమ పెట్టల్లని ఎవురూ చెప్పలేదేమో. అందుకే ఆ పిల్ల జారతా ఉండాది," అంది.

గడపకీ, మగ్గానికీ, రోలుకీ బొట్టు పెట్టందే పండగ జరగని ఇళ్ళు మనవి. వీధి ఆడవాళ్ళమంతా కదిలాం. ఎండు రాతికి పసుపు పట్టదని ఆముదంలో కలిపాం. నిచ్చెన అందినంత మేరా ఒక్కో గుర్తుకూ బాగా దట్టించి, మీద కుంకుమ అద్దాం.

పొద్దున అమ్మాయి వచ్చి వేలితో రాతిని తాకి చూసుకుంది. అక్కడే కూలబడింది. నా వైపు తిరిగి అంది: "అవ్వా, ఆయిల్ పూశారా? ఇంక గ్రిప్ ఎక్కడ దొరుకుతుంది?"

తోడొచ్చినవాళ్ళు వేరే దారిన ఎక్కమన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది. సంగతి అర్థమయ్యేసరికి మీ చిన్నవ్వ ముఖం వాడిపోయింది.

నేను మీ చిన్నవ్వ భుజం తట్టి, "తలకు పెట్టిన ఆముదం దేంతో పోతాది?" అన్నాను. అంతే, ఇంట్లోకి పరుగెత్తింది. ఇంటింటి నుంచీ సీకాయ పొడి, కొబ్బరి పీచు, నీళ్ళ బిందెలు వచ్చాయి. కొండెక్కే పిల్లలు కూడా చేతులు కలిపి బండను రుద్దడం మొదలుపెట్టారు.

"కండ్లు మూసుకో అప్పా, సీకాయ పడితే నీ తాడు నీకే కనపడదు," అని మీ చిన్నవ్వ ఒక పొడుగాటి అబ్బాయిని ఆటపట్టించింది. అమ్మాయి అప్పుడు నవ్వింది.

బండ ఆరేసరికి ఎండ వాలింది. ఆమె పగులు పట్టుకోగానే మగ్గాలు ఆగిపోయి వీధంతా బండ కింద చేరింది. వంపు దగ్గర చాలాసేపు ఆగింది. చేయి తీసి పొడి అద్దుకుని, ఇంకాస్త పైకి దూర్చి పట్టు చూసుకుంది. ఈసారి జారలేదు. మోకాలు పైన ఆనింది, తర్వాత మనిషే బండ మీద నిలబడింది. నాకు కళ్ళు నిండిపోయాయి. మన గడపలో ఎవరో గెలిచినట్టే అనిపించింది.

దిగి వచ్చి మీ చిన్నవ్వను వాటేసుకుంది. "అవ్వా, సగం దూరం తలంటు వాసనే," అంది.

"బొట్టు పెట్టల్సింది రాయికి కాదు, నీకు," అని మీ చిన్నవ్వ కొంగుతో ఆమె నుదుటి చెమట తుడిచి కుంకుమ పెట్టింది.

ఆనాటి నుంచి కుంకుమ భరిణె మన అరుగు మీదే ఉంటోంది. ఏ దేశం నుంచి వచ్చినవాళ్ళైనా సరే, కొండ దిగి మన గుమ్మం ముందు నుదురు వంచి నిలబడతారు.